ఒక్క గీత వచ్చిందని నిశ్చింత పడకండి

డేటింగ్ యాప్‌లో పరిచయమైంది. వారం రోజులు చాటింగ్ నడిచింది. శనివారం కలుద్దామనుకున్నారు. ఇంతలో అవతలి నుంచి ఓ ఫొటో వచ్చింది. హెచ్‌ఐవీ హోమ్ టెస్ట్ కిట్, దాని మీద ఒకే ఒక్క గీత. కింద మెసేజ్... ‘నేను నెగెటివ్. ఇక కండోమ్ ఎందుకు?’

మీరైతే ఏం జవాబిస్తారు?

ఉద్యోగాల పేజీలో ఈ గోలేంటి అనుకోవద్దు. కోచింగ్ అనో, మొదటి ఉద్యోగమనో ఇల్లు వదిలి అమీర్‌పేట హాస్టల్‌కో, బెంగళూరు పీజీకో, ఎమ్మెస్ కోసం అమెరికాకో వెళ్లేది ఈ వయసులోనే. కొత్త పరిచయాలు మొదలయ్యేదీ అక్కడే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హెచ్‌ఐవీ వ్యాప్తి దేశ సగటు కంటే ఎక్కువ. లైంగిక సంబంధం పెట్టుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. పెట్టుకుంటే మాత్రం ఆ గీత ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిసుండాలి.

కిట్ వెతికేది వైరస్‌ను కాదు

ఇంట్లోనే పరీక్ష చేసుకుని, ఇంట్లోనే ఫలితం చూసుకునే ‘ఓరాక్విక్’ కిట్‌ను అమెరికా ఎఫ్‌డీఏ 2012 జులైలో ఆమోదించింది. అక్కడ ప్రిస్క్రిప్షన్ లేకుండానే మందుల షాపుల్లో కొనుక్కోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2016లో స్వీయ పరీక్షలను సిఫార్సు చేసింది.

వాడటం తేలికే. పై చిగుళ్లనూ, కింది చిగుళ్లనూ కిట్‌తో ఒక్కోసారి తుడిచి, దాన్ని ద్రావణం ఉన్న ట్యూబ్‌లో పెట్టాలి. 20 నిమిషాల తర్వాత, 40 నిమిషాల లోపు చూడాలి. ‘సి’ దగ్గర మాత్రమే గీత వస్తే నెగెటివ్. ‘టి’ దగ్గర కూడా వస్తే, ఎంత లేతగా ఉన్నా సరే, పాజిటివ్ అనుమానమే. ‘సి’ దగ్గర అసలు గీతే రాకపోతే ఆ పరీక్ష చెల్లదు.

నోటి నుంచి నమూనా తీస్తున్నారని లాలాజలంతో హెచ్‌ఐవీ సోకుతుందనుకోకండి, సోకదు. కిట్ వెతికేది వైరస్‌ను కాదు, వైరస్ మీద పోరాడటానికి మన శరీరం తయారుచేసే యాంటీబాడీలను. అసలు మెలిక ఇక్కడే ఉంది.

ఆ ఫలితం ఈ రోజుది కాదు

వైరస్ సోకిన మర్నాడే యాంటీబాడీలు తయారవవు. కిట్‌కు దొరికేంతగా పెరగడానికి వారాలు పడుతుంది, కొందరిలో మూడు నెలల వరకూ పట్టొచ్చు. ఈ మధ్యకాలాన్నే ‘విండో పీరియడ్’ అంటారు. ఆ సమయంలో కిట్ ‘నెగెటివ్’ అనే చెబుతుంది. పైగా సోకిన కొత్తలో రక్తంలో వైరస్ చాలా ఎక్కువగా ఉంటుంది. అంటే ఎదుటివారికి అంటించే అవకాశం ఎక్కువగా ఉన్న రోజుల్లోనే కిట్ ఏమీ లేదని చూపించొచ్చు.

కాబట్టి ఆ ఒక్క గీతకు అర్థం ‘ఇవాళ నాకు హెచ్‌ఐవీ లేదు’ అని కాదు. ‘మూడు నెలల కిందటి దాకా సోకి ఉండకపోవచ్చు’ అని. పాత స్టేట్‌మెంట్ చూసి ఇవాళ అకౌంట్లో ఎంత ఉందో చెప్పగలమా? ఇదీ అంతే. ఇక వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అయితే ఎవరిదో, ఎప్పటిదో కూడా తెలీదు.

ఇంటర్వ్యూ లెక్కలాంటిదే

ప్లేస్‌మెంట్ పరీక్షల్లో అడిగే ప్రాబబిలిటీ లెక్క ఇక్కడ వేసి చూద్దాం. ఓరాక్విక్‌కు అనుమతి ఇచ్చినప్పుడు ఎఫ్‌డీఏ చెప్పిన అంకెలు ఇవి: ఇంట్లో వాడినప్పుడు హెచ్‌ఐవీ ఉన్న ప్రతి 12 మందిలో ఒకరికి తప్పుగా నెగెటివ్ రావొచ్చు. లేని ప్రతి 5,000 మందిలో ఒకరికి తప్పుగా పాజిటివ్ రావొచ్చు.

లక్ష మంది పరీక్ష చేసుకున్నారనుకోండి. వారిలో 0.2 శాతం, అంటే 200 మందికి హెచ్‌ఐవీ ఉందనుకుందాం. కిట్ పట్టుకునేది సుమారు 183 మందిని. మిగతా 17 మంది ‘నేను నెగెటివ్’ అనుకుంటూ వెళ్లిపోతారు. హెచ్‌ఐవీ లేని 99,800 మందిలో సుమారు 20 మందికి ఊరికే రెండు గీతలు వస్తాయి. అంటే పాజిటివ్ వచ్చిన ప్రతి పది మందిలో దాదాపు ఒకరికి అసలు వైరస్సే లేదు. అందుకే నెగెటివ్‌ను లైసెన్సులా చూడకూడదు, పాజిటివ్‌ను తుది తీర్పులా చూడకూడదు.

మరి కిట్ దండగా?

కాదు. కండోమ్ ఎప్పుడో గానీ వాడని 27 మంది గే పురుషులకు న్యూయార్క్ పరిశోధకులు ఈ కిట్లు ఇచ్చి మూడు నెలలు గమనించారు. వాళ్లు కలయికకు ముందు సుమారు వంద మంది భాగస్వాములకు పరీక్ష చేయించారు. చాలామంది సరేనన్నారు. పది మందికి పాజిటివ్ వచ్చింది. వారిలో కొందరికి ఆ సంగతి అప్పటిదాకా తెలీదు. ఆ పది సందర్భాల్లోనూ కలయిక జరగలేదు. అయితే అడిగినందుకు కోపగించుకున్నవాళ్లూ ఉన్నారు.

దీన్నిబట్టి కిట్ పనికొచ్చేది రెండింటికి. మీ స్థితి మీకు తెలుస్తుంది, ఎదుటివారితో మాట మొదలవుతుంది. అంతేగానీ కండోమ్ పని అది చేయదు. సిఫిలిస్, గనేరియా, హెపటైటిస్-బి గురించి కిట్ ఒక్క ముక్క కూడా చెప్పదు. గర్భాన్ని ఆపదు.

మాట ఎలా మొదలుపెట్టాలి?

జీతం గురించి హెచ్‌ఆర్‌తో మాట్లాడేటప్పుడు ఏం చేస్తాం? ఎక్కడి వరకు తగ్గొచ్చో ముందే అనుకుని వెళ్తాం. ఇక్కడా అదే. లైట్లు ఆర్పేశాకో, రెండు పెగ్గులు పడ్డాకో కాదు, చాటింగ్‌లోనే తేల్చుకోండి.

* ముందు మీ సంగతి చెప్పండి: ‘నేను పోయిన నెల టెస్ట్ చేయించుకున్నా. నువ్వెప్పుడు చేయించుకున్నావ్?’
* ఫొటో పంపితే: ‘మంచిదే. కానీ అది మూడు నెలల కిందటి సంగతే చెబుతుంది. కండోమ్ మాత్రం ఉండాల్సిందే.’
* ‘నా మీద నమ్మకం లేదా?’ అంటే: ‘నీ మీద అనుమానం కాదు. ఎవరితోనైనా నా రూల్ ఇదే.’
* ఇంకా ఒత్తిడి చేస్తే: ‘అయితే వద్దులే.’ అంతే. సంజాయిషీ అక్కర్లేదు.

పర్సులో కండోమ్ ఉన్న అమ్మాయిని ‘అలాంటిది’ అనే నోళ్లు ఇంకా ఉన్నాయి. జాగ్రత్త పడటం తప్పెలా అవుతుంది? ఇక పరీక్ష చేసుకోమని అడగొచ్చు, బలవంతం చేయకూడదు. వద్దనే హక్కు వాళ్లకుంది, వెళ్లిపోయే హక్కు మీకుంది. ఎదురుగా ఉన్నవారి కిట్‌లో రెండో గీత కనిపిస్తే అరవడం, ఫొటో తీయడం, ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టడం దారుణం. ఆ క్షణంలో అందరికంటే భయపడేది వాళ్లే.

ఇంకో మాట. ‘నేను పాజిటివ్, మందులు వాడుతున్నా, వైరల్ లోడ్ పరీక్షలో కనిపించట్లేదు’ అని ఎవరైనా నిజాయతీగా చెబితే కంగారు పడకండి. క్రమం తప్పకుండా మందులు వాడుతూ వైరస్ ఆ స్థాయికి తగ్గినవారి నుంచి లైంగికంగా హెచ్‌ఐవీ సోకదు. 2019లో ‘లాన్సెట్’లో వచ్చిన అధ్యయనంలో, ఒకరికి హెచ్‌ఐవీ ఉన్న గే జంటలు కండోమ్ లేకుండా సుమారు 76 వేల సార్లు కలిసినా భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. పాత నెగెటివ్ ఫొటో కన్నా ఇదే గట్టి భరోసా.

తేడా జరిగితే 72 గంటలు

కండోమ్ చిరిగిందా? వాడకుండానే జరిగిపోయిందా? మర్నాడు కిట్ కొనడం వల్ల లాభం లేదు. 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రానికో పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకో వెళ్లండి. అవసరమని డాక్టర్ భావిస్తే 28 రోజుల పాటు వాడే ‘పెప్’ మందులు ఇస్తారు. తరచూ రిస్కు ఉండేవాళ్లు ముందుజాగ్రత్తగా వేసుకునే ‘ప్రెప్’ మాత్రల గురించి కూడా డాక్టర్‌ను అడగొచ్చు.

కిట్‌లో రెండు గీతలు వస్తే ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీకి వెళ్లండి. కౌన్సెలింగ్, పరీక్ష ఉచితం. వేర్వేరు పద్ధతుల్లో మూడు పరీక్షలు చేశాకే పాజిటివ్ అని నిర్ధారిస్తారు. ఏఆర్‌టీ మందులూ ఉచితమే. అడగటానికి మొహమాటమైతే నాకో టోల్‌ఫ్రీ నంబరు 1097కి ఫోన్ చేయండి.

ఉద్యోగం పోతుందా?

చాలామంది పరీక్షకు వెళ్లనిది ఈ భయంతోనే. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం-2017 ఏం చెబుతోందో చూడండి. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు. మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. మన చట్టం మన దేశానికే వర్తిస్తుందన్నది మాత్రం గుర్తుంచుకోండి. గల్ఫ్ వర్క్ వీసా మెడికల్‌లో ఈ పరీక్ష ఉంటుంది. అమెరికా మాత్రం హెచ్‌ఐవీ ఉన్నవారి ప్రవేశంపై నిషేధాన్ని 2010 జనవరిలోనే ఎత్తేసింది.

ఇక మొదట్లోని మెసేజ్‌కు జవాబు మీకు దొరికినట్టే: ‘టెస్ట్ చేసుకున్నందుకు థ్యాంక్స్. కండోమ్ నేను తెస్తా.’ దీనికి ‘సరే’ అన్న జవాబు రాకపోతే శనివారం ప్లాన్ మార్చుకోండి.