తలుపు తట్టు మర్యాద



2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరము దాటినది. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగమున వీచినది. ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరగినవి, విద్యుత్తు పోయినది, ఫోనులు మూగవోయినవి. అట్టి వేళ ఒక టవరు మరల పలికినచో దాని క్రిందనున్న ఫోనులన్నియు ఒక్కసారిగా దానిపై బడును. ఆ త్రొక్కిసలాటలో ప్రాణావసరమైన వార్తయు చిక్కుపడును. నేను ఫోనులలో నడచు ఆపులను వ్రాయువాడను. ఈ యిక్కట్టును తగ్గించుటకు మావంటివారు చేయదగినదానిని నేడు మనవి చేసెదను.

ఆప్ దూరముననున్న సర్వరుతో మాటలాడుటకు ముందు పలకరింపు జరుగవలెను. “వినుచున్నారా?” “వినుచున్నాము” అని ఒక రాకపోక. పరులు వినకుండ రహస్యపు తాళము కుదుర్చుకొనుటకు మఱియొకటి. 2018లో వెలువడిన టి.ఎల్.ఎస్. 1.3 పద్ధతికి పూర్వము దీనికే రెండు కావలసియుండెను. అటుపిమ్మట అసలు ప్రశ్నకు ఒకటి. వెరసి మూడు. సంకేతము బలహీనమై ఒక్కొక్క రాకపోకకు అరసెకను పట్టుననుకొందము. పది ప్రశ్నలకు పదిమార్లు క్రొత్తగా పలకరించినచో 15 సెకనులు. ఒకమారు తెఱచిన తలుపును మూయక వరుసగా నడిగినచో 6 సెకనులే. 2015 నాటి హెచ్.టి.టి.పి. 2 పద్ధతిలో పదింటిని ఒక్కమారే పంపవచ్చును. అప్పుడు రమారమి సెకనున్నర చాలును.

మఱి తలుపే తెఱచుకొననప్పుడో? తొలిదినములలో నేను వ్రాసిన ఆప్ సెకనున కొకమారు తట్టుచుండెను. దానిని పట్టుదల యనుకొంటిని, అది తొందరపాటు. విజయనగరమున సిరిమానోత్సవము ముగియగానే జనమెల్ల ఒక్క బస్సు ద్వారమునకే పోయినచో ఎవ్వరును ఎక్కలేరు. గంటసేపు ఆగుదమని అందఱును అనుకొనినచో గంట తరువాతను అదే త్రోపులాట. ఒక్కొక్కరు ఒక్కొక్క వేళకు కదలినప్పుడే దారి దొరకును. ఆప్ కూడ 1, 2, 4, 8 సెకనులుగా ఎడము పెంచుచు, ప్రతి యెడమునకును చీటి తీసినట్లు కొంత హెచ్చుతగ్గు కలుపవలెను. జవాబు రాని సంబంధమును పట్టుకొని వ్రేలాడక, గడువు మీఱగానే విడిచి క్రొత్తదానికి యత్నింపవలెను.

ఈ నేర్పు తుపానును ఆపజాలదు; కూలిన టవరును నిలుపజాలదు. కాని మందసనుండి ఒక తల్లి దూరదేశముననున్న కుమారునకు “బ్రతికియున్నాము” అను ఒక్క మాట పంపునప్పుడు, మా ఆప్ ఆ మాటకు అడ్డుపడకుండుట మా ధర్మము.