వాక్‌చికిత్స వృత్తి: వివిధ దేశాలలో పేర్లు, విధులు

వాక్‌చికిత్స అనగా మాట, భాష, గొంతు, మింగడం అనే వాటిలో కలిగే లోపాలను పరీక్షించి, అభ్యాసం ద్వారా సరిదిద్దే వృత్తి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ఈ పని చేసేవారిని సాధారణంగా స్పీచ్ థెరపిస్టు అంటారు. ఇదే వృత్తిని అమెరికాలో స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టు, బ్రిటనులో స్పీచ్ అండ్ లాంగ్వేజ్ థెరపిస్టు, ఆస్ట్రేలియాలో స్పీచ్ పాథాలజిస్టు, ఫ్రాన్సులో ఆర్తోఫోనిస్టు, రష్యాలో లోగోపెడ్ అని పిలుస్తారు. ఈ భేదం పేరుతో ఆగదు. ఎంత చదవాలి, వినికిడి పరీక్ష చేసే హక్కు ఉందా లేదా, వృత్తి ఆరోగ్య శాఖ కిందకు వస్తుందా విద్యా శాఖ కిందకు వస్తుందా అన్నవి కూడా దేశాన్ని బట్టి మారతాయి.

తెలుగులో పేర్లు

లోపాలకు తెలుగులో పాత మాటలు చాలా ఉన్నాయి. నత్తి, నంగి, ముద్దమాట, గ్రహణం మొర్రి వంటివి పల్లెల్లో అందరికీ తెలిసినవే. వాటిని సరిదిద్దే మనిషికి మాత్రం స్థిరమైన తెలుగు పేరు ఏర్పడలేదు. వాక్‌చికిత్సకుడు, వాగ్దోష నిపుణుడు అన్నవి పుస్తకాలలో కనిపిస్తాయి కాని వాడుకలోకి రాలేదు. మాటలు ఆలస్యమైన పిల్లలకు వస కొమ్ము అరగదీసి నాకించడం గోదావరి జిల్లాలతో సహా తెలుగునాట పాత ఆచారం. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం దీనినుంచి వచ్చినదే. అయితే మాట రాకపోవడానికి వినికిడి లోపం కారణమైనపుడు వస వలన ప్రయోజనం ఉండదు. వస పని చేస్తుందేమోనని ఎదురు చూసే కాలం, మాట నేర్చుకోవడానికి అత్యంత ముఖ్యమైన మొదటి మూడేళ్ళలోనే గడిచిపోతుంది.

"పాథాలజిస్టు" అన్న అమెరికా పేరు తెలుగు పాఠకులకు మరొక చిక్కు తెచ్చిపెడుతుంది. ఏలూరులో గాని తాడేపల్లిగూడెంలో గాని పాథాలజీ అన్న బోర్డు చూస్తే రక్త, మూత్ర పరీక్షల లాబ్ అనే అనుకుంటారు.

భారతదేశంలో

ఈ వృత్తికి దేశంలో ప్రధాన శిక్షణ కేంద్రమైన మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో ఏర్పడినది. ప్రారంభంలో దీని పేరులో లోగోపెడిక్స్ అన్న మాట ఉండేది. 1934లో మార్టిన్ పామర్ అమెరికాలోని విచిటా నగరంలో స్థాపించిన సంస్థ పేరు కూడా ఇదే. గ్రీకు భాషలో లోగోస్ అంటే మాట, పైడేయియా అంటే పిల్లల శిక్షణ. మైసూరు సంస్థ పేరులో ఆ పదం నిలవలేదు; వాక్కు, శ్రవణం అనే జంట వచ్చింది. నేటికీ భారతీయ పట్టా స్వరూపం ఈ జంటనే అనుసరిస్తుంది. ముంబయిలో 1983లో ఏర్పడిన జాతీయ సంస్థకు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన నవాబు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికిందరాబాదులో ఉన్నది.

డిగ్రీ కాలం ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు. డిగ్రీ పూర్తి చేసినవారు అటు వినికిడి పరీక్షలు, ఇటు మాట చికిత్స రెండూ చేయవచ్చు. భారత పునరావాస మండలి చట్టం (1992) వీరిని "ఆడియాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు" అని ఒకే వరుసలో పేర్కొన్నది. మండలి పట్టికలో పేరు లేనివారు ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. జరిమానా మొత్తం చూస్తే నిషేధం ఎంత గట్టిదో ఊహించవచ్చు. ఈ మండలి ఆరోగ్య శాఖ కింద కాక సామాజిక న్యాయ, సాధికారత శాఖ కింద ఉన్నది. భారత చట్టం దృష్టిలో ఇది వైద్యం కంటే పునరావాసానికి దగ్గర అన్నమాట. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీలను అనుబంధ ఆరోగ్య వృత్తులుగా గుర్తించిన 2021 నాటి చట్టం జాబితాలో స్పీచ్ థెరపీ చేరలేదు.

జిల్లా స్థాయిలో

దెందులూరు మండలం 2022 ఏప్రిల్ వరకు పశ్చిమ గోదావరి జిల్లాలోనూ, తరువాత ఏలూరు జిల్లాలోనూ భాగం. ఇటువంటి మండలంలో మాట రాని బిడ్డకు వర్తించే పథకాలను వరుసగా చూస్తే, దేశాల మధ్య ఉన్న పేర్ల గందరగోళం ఒక జిల్లాలోనే కనబడుతుంది.

2006-07లో మొదలైన జాతీయ చెవుడు నివారణ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రులకు ఆడియాలజిస్టు, ఆడియోమెట్రిక్ అసిస్టెంటు, వినికిడి లోపం గల పిల్లలకు బోధకుడు అనే మూడు వేర్వేరు పేర్లతో ఉద్యోగాలు ఉద్దేశించారు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం అంగన్‌వాడీలు, బడులలో పరీక్షించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. అక్కడి ఉద్యోగి పేరు ఆడియాలజిస్టు మరియు స్పీచ్ థెరపిస్టు. విద్యా శాఖ వైపున మండల స్థాయిలో భవిత కేంద్రాలు ఉన్నాయి. వాటిలో రోజూ పిల్లలతో ఉండేది ప్రత్యేక ఉపాధ్యాయులు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద చెవిలో కాక్లియర్ ఇంప్లాంటు అమర్చిన పిల్లలకు వినికిడి ద్వారా మాట నేర్పే శిక్షణ ఉంటుంది. దీనిని ఆసుపత్రులలో పొడి అక్షరాలతో ఏ.వి.టి. అంటారు. శస్త్రచికిత్సతో మాట రాదు. యంత్రం పంపే శబ్దాన్ని అర్థం చేసుకోవడం నెలల తరబడి అభ్యాసంతో వస్తుంది.

వికలాంగుల హక్కుల చట్టం (2016) వినికిడి లోపాన్నీ, వాక్ భాషా వైకల్యాన్నీ రెండు వేరు వైకల్యాలుగా లెక్కించింది. అందుచేత ధ్రువపత్రంలో ఏ మాట పడిందన్నది కుటుంబానికి ముఖ్యమవుతుంది. చెవి వినబడక మాట రాని బిడ్డను వాడుకలో మూగ అనేస్తారు. చాలాసార్లు అసలు లోపం వినికిడిలో ఉంటుంది. మొదట వినికిడి పరీక్ష, తరువాత మాట చికిత్స అన్న క్రమం తెలియని తల్లిదండ్రులు ముక్కు-చెవి-గొంతు డాక్టరు, పిల్లల డాక్టరు, బడి మధ్య తిరుగుతారు. వారానికి రెండు మూడుసార్లు రావలసిన చికిత్సకు కొల్లేటి లంక గ్రామాలనుండి ఏలూరు రావడం కూలి మానుకుని చేసే ప్రయాణం.

ఇతర దేశాలలో

అమెరికాలో ఈ వృత్తి సంఘం 1925లో స్పీచ్ కరెక్షన్ అన్న మాటతో, అంటే "మాట దిద్దుబాటు" పేరుతో మొదలైంది. 1947లో పేరులో వినికిడి, 1978లో భాష చేరాయి. అక్కడ ఆడియాలజీ పూర్తిగా వేరు వృత్తి. మాట చికిత్సకు మాస్టర్స్ డిగ్రీ, పర్యవేక్షణలో వృత్తి అనుభవం, రాష్ట్ర లైసెన్సు కావాలి. ఆడియాలజీలో సంఘం ధ్రువీకరణకు 2012 నుండి డాక్టరేటు స్థాయి పట్టా తప్పనిసరి. ఈ వృత్తిలో సగానికి పైగా ఆసుపత్రులలో కాక బడులలో పని చేస్తారు.

బ్రిటనులో 1945లో కాలేజ్ ఆఫ్ స్పీచ్ థెరపిస్ట్స్ ఏర్పడింది. ఆరవ జార్జి రాజుకు నత్తి విషయంలో సహాయపడిన లయొనెల్ లోగ్ దాని స్థాపకులలో ఒకడు. 1990లలో సంఘం పేరులో భాష కూడా చేరింది. స్పీచ్ థెరపిస్టు అన్న పేరు అక్కడ చట్టరక్షణ గలది, నమోదు కానివారు వాడకూడదు. డిగ్రీతోనే వృత్తి చేయవచ్చు, కాని వినికిడి పరీక్షలు వీరి పని కాదు. ఆస్ట్రేలియాలో 1949లో "థెరపిస్టుల" సంఘంగా మొదలైనది 1996లో "పాథాలజీ" సంఘమైంది.

ఫ్రాన్సులో ఆర్తోఫోనిస్టు వృత్తికి 1964లో చట్టం వచ్చింది. చదవడం, రాయడం, లెక్కలలో ఇబ్బంది పడే పిల్లలు కూడా వీరి దగ్గరకే వెళతారు. ఆంధ్ర దేశంలో ఇటువంటి పిల్లలు ప్రత్యేక ఉపాధ్యాయుని వద్దకు చేరతారు. జర్మనీలో 1980 నాటి చట్టం ప్రకారం మూడేళ్ళ వృత్తి పాఠశాల శిక్షణ చాలు. రష్యాలో లోగోపెడ్ ఉపాధ్యాయ విద్యాసంస్థలలో తయారవుతాడు. భారతీయ పద్ధతికి కొంత దగ్గరగా ఉన్నది జపాను. 1997 నాటి అక్కడి చట్టం భాష, వినికిడి రెండింటినీ ఒకే పేరులో చేర్చింది.

పక్షవాతం తరువాత అన్నం, నీళ్ళు పొలమారకుండా మింగడం నేర్పే పని అనేక దేశాలలో వీరిదే. అయినా ఈ విషయాన్ని సూచించే పేరు ఎక్కడా లేదు.

వలస వెళ్ళే తెలుగువారు

మైసూరు, సికిందరాబాదులలో చదివిన తెలుగు నిపుణులు అమెరికా వెళితే, స్వదేశంలో చేసిన రెండు పనులలో ఒకదాన్ని ఎంచుకోవాలి. డిగ్రీ మాత్రమే ఉంటే మళ్ళీ చదవాలి. 2004లో అమెరికా, కెనడా, బ్రిటను, ఆస్ట్రేలియా వృత్తి సంఘాలు పరస్పర గుర్తింపు ఒప్పందం చేసుకున్నాయి. తరువాత న్యూజిలాండు, ఐర్లండు చేరాయి. భారతదేశం ఇందులో లేదు కనుక భారతీయ పట్టాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు. విదేశంలో చదివి తిరిగి వచ్చి ఏలూరులో గాని విజయవాడలో గాని చికిత్స చేయదలచినవారు కూడా ముందుగా పునరావాస మండలిలో నమోదు కావాలి.