చీరను చూపించుటకు ఎంతటి కెమెరా కావలెను?

మన బళ్ళారి సరిహద్దు ప్రాంతమున చేనేత వృత్తికి ఎల్లలు లేవు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, బళ్ళారి పట్టణము మైసూరు రాష్ట్రమునకును చేరినవి. అయినను నూలు, పట్టు, పెండ్లి సంబంధములు మాత్రము నేటికిని ఇటునుండి అటు, అటునుండి ఇటు నడచుచునే ఉన్నవి. మొలకాల్మూరు పట్టుచీరయైనను, ఉరవకొండ, యెమ్మిగనూరు మగ్గముల మీది బట్టయైనను, దానికి గిరాకీ ఉన్నచోటు దూరముననే ఉన్నది.

వెనుక బేరము కొట్టు అరుగు మీద జరిగెడిది. కొనువారు చీరను చేతితో తడిమి, కొంగు విప్పి, ఎండలోనికి తెచ్చి చూచుకొనెడివారు. నేడు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో కూర్చున్న ఇల్లాలు సెల్‌ఫోను తెర మీద బొమ్మ చూచి కొనుచున్నది. అనగా, చేయి చేయవలసిన పనిని బొమ్మ చేయవలసి వచ్చినది. ఆ బొమ్మ తప్పు చెప్పినచో నష్టము ఎవరిదో మనకు తెలియనిది కాదు.

మా ఇంటి మగ్గము మీద నేసిన వంకాయరంగు పట్టుచీర ఒకటి కడచిన పండుగకు ముందు అటులే తిరిగి వచ్చినది. ట్యూబ్‌లైటు క్రింద తీసిన ఫొటోలో అది నీలముగా కనబడినది. కొన్నవారి తప్పు లేదు. నేసినవారి తప్పును లేదు. కాని ఆ చీర మడత నలిగి, పండుగ దాటిన తరువాత ఇల్లు చేరినది. అప్పుడు మా పిల్లవాడు, "నాన్నా, మంచి కెమెరా కొనక తప్పదు. కొంటే పెద్దదే కొందాము" అనెను. ఆ పెద్ద కెమెరా వెల మా నాలుగు మగ్గములకు పట్టు కొనుటకు దాచిన సొమ్ము కంటె ఎక్కువ. కావున తొందరపడక, రెండు తరగతుల కెమెరాలను గూర్చి విచారించి తెలిసికొన్నదానిని తోటి నేతవారి ముందుంచుచున్నాను.

ఇందులో చట్టము సంగతియు కలదు. 2020లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నియమముల ప్రకారము, ప్రకటనలో చూపిన లక్షణములు సరకులో లేనియెడల దానిని వెనుకకు తీసికొనుటకు అమ్మకందారు నిరాకరింపరాదు. బొమ్మ కూడ ప్రకటనయే. ఫొటో సరిగా లేకపోవుట ఇక అందమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు.

మిర్రర్‌లెస్ అనగా నేమి? పాతతరపు పెద్ద కెమెరాలలో లెన్సు వెనుక ఒక అద్దము ఉండి, బొమ్మను కంటికి చూపెడిది. ఆ అద్దము తీసివేసి, బొమ్మను నేరుగా సెన్సారు అను రేకు మీదనే పట్టి, చిన్న తెర మీద చూపునది మిర్రర్‌లెస్ కెమెరా. లెన్సు మార్చుకొనుటకు వీలుండి, ఈ పద్ధతిలో పేరుకెక్కిన మొదటి కెమెరా 2008లో పానసోనిక్ వారు తెచ్చిన జి1. నికాన్ వారు తమ జెడ్ వరుసను 2018లో ఆరంభించిరి. పోలికకు సులువుగా ఉండునని ఆ వరుసలోనే రెండింటిని తీసికొందము. 2022లో వచ్చిన జెడ్30 క్రొత్తవారి కెమెరా. 2023లో వచ్చిన జెడ్8 వృత్తిగా ఫొటోలు తీయువారి కెమెరా. తక్కిన కంపెనీలలోను ఇట్టి జంటలు కలవు. లెక్క ఇంచుమించు ఇదియే.

జెడ్30 బొమ్మలో 209 లక్షల చుక్కలు ఉండును. జెడ్8 బొమ్మలో 457 లక్షలు. పెద్దదాని సెన్సారు వైశాల్యము చిన్నదానికి ఇంచుమించు రెండుంబావు రెట్లు. బ్యాటరీ, కార్డుతో కలిపి చిన్నది 405 గ్రాములు తూగును, పెద్దది 910 గ్రాములు. లెన్సు లేకుండ, విడుదలైన నాడు అమెరికాలో చిన్నదాని వెల సుమారు 710 డాలర్లు, పెద్దదాని వెల సుమారు 4,000 డాలర్లు. అనగా అయిదు రెట్లకు పైన. మరి చీర బొమ్మ అయిదు రెట్లు మేలుగా వచ్చునా? ఇదియే ప్రశ్న.

దీనికి జవాబు మన వృత్తిలోనే ఉన్నది. రెండు పలుచని బట్టలను ఒకదానిపై నొకటి వేసి వెలుతురునకు పట్టిన, పోగుల మీద పోగులు పడి నీటి అలల వంటి చారలు కనబడుట మనమందరము చూచినదే. ఫొటోలోను అదే జరుగును. బట్టలోని పోగుల వరుస మీద సెన్సారులోని చుక్కల వరుస పడినప్పుడు, రెండింటి ఎడము ఇంచుమించు సమానమైనచో, లేని చారలు, లేని రంగులు బొమ్మలో పుట్టును. దీనిని మొయిరే అందురు. ఆ మాట కూడ నీటి అలల మెరుగు పెట్టిన పట్టుబట్టకు ఫ్రెంచివారు పెట్టిన పేరే.

లెక్క వేసి చూతము. అంగుళమునకు 80 పడుగు పోగులున్న చీర అనుకొందము. దాని పూర్తి వెడల్పు పట్టునట్లు 48 అంగుళములను బొమ్మ పొట్టివైపున ఇమిడ్చినచో, జెడ్30లో ఆ వైపున ఉన్న 3,712 చుక్కలు అంగుళమునకు 77 చొప్పున పంచుకొనును. అనగా పోగునకు ఒక చుక్క కూడ నిండుగా లేదు. జెడ్8లో ఆ వైపున 5,504 చుక్కలు. అంగుళమునకు 114, పోగునకు ఒకటిన్నర కూడ రాదు. పోగును పోగుగా చూపుటకు కనీసము రెండు చుక్కలు కావలెను. రంగు కూడ తప్పకుండుటకు నాలుగు ఉండిన మేలు. కావున దూరమునుండి తీసినప్పుడు రెండు కెమెరాలును నేతను చూపలేవు. రెండింటను అలలు పడవచ్చును.

ఇప్పుడు చిన్న కెమెరానే దగ్గరకు తెచ్చి, పొట్టివైపున 12 అంగుళములు మాత్రమే పట్టునట్లు తీయుదము. అంగుళమునకు 309 చుక్కలు. పోగునకు ఇంచుమించు నాలుగు. నేత విడివిడిగా కనబడును. అనగా దగ్గరగా తీసిన చిన్న కెమెరా, దూరముగా తీసిన పెద్ద కెమెరా కంటె మన పనితనమును బాగుగా చూపును. కావున ఒక్క ఫొటోతో సరిపెట్టక నాలుగు తీయవలెను: చీర మొత్తము, అంచు, కొంగు, నేత దగ్గరగా. దగ్గరి బొమ్మలో ప్రక్కన ఒక కొలబద్ద పెట్టి, చీర వెనుకవైపును కూడ చూపినచో, బట్ట ఎరిగిన కొనుగోలుదారునకు వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఇంకొక సంగతి. వాట్సాపులో సాధారణ పద్ధతిలో పంపిన ఫొటో పొడవువైపున సుమారు 1,600 చుక్కలకు కుదించబడును. 457 లక్షల బొమ్మయైనను, 209 లక్షల బొమ్మయైనను కొనువారి చేతికి చేరునది ఒక్కటే. అచ్చు వేయించుటకైనను, ఏ4 కాగితమునకు అంగుళమునకు 300 చుక్కల చొప్పున 3,508, 2,480 చుక్కలు చాలును. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గోడ ప్రకటనకు అంగుళమునకు 150 చొప్పున లెక్కించినను చిన్న కెమెరా బొమ్మ సరిపోవును.

రంగు మాటకు వత్తము. మా చీరను నీలము చేసినది కెమెరా కాదు, దీపము. చవుక ఎల్‌ఇడి దీపములు, ట్యూబ్‌లైట్లు ఎండలోని అన్ని వన్నెలను సమానముగా ఈయవు; ఎండలో ఒకటిగా కనబడిన రెండు అద్దకములు దీపము క్రింద వేరగుట అద్దకపు పని చేయువారు ఎరిగినదే. ఎంత వెల పెట్టిన కెమెరాయైనను దీపములో లేని వన్నెను తెచ్చి పెట్టలేదు. దీనికి మందు ఉత్తరపు వసారా. నేరుగా ఎండ పడని పగటి వెలుతురులో చీరను పరచి, ప్రక్కన బూడిదరంగు అట్ట ఒకటి పెట్టి, దానిని చూపి కెమెరాలో తెలుపు సరిచేసికొనవలెను. ఈ సదుపాయము రెండు కెమెరాలలోను కలదు. ఎర్రచీరకు వెలుతురు కొంచెము తగ్గించి తీయవలెను. లేనిచో ఎరుపు పొంగి, నేత గుర్తులు మాసిపోవును. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు అయిన చీరను రెండు కోణముల నుండి తీయవలెను. జరీకి వెలుతురు ప్రక్కనుండి రావలెను, ఎదుటినుండి కాదు. ఇవి చేసిన మరునాడే మా వంకాయరంగు వంకాయరంగుగా వచ్చినది.

అటులని పెద్ద కెమెరా దండుగ అనుట న్యాయము కాదు. గుంటమగ్గము ఉన్న ఇల్లు చీకటి ఇల్లు. అక్కడ ఆడుచున్న నాడెను, నేయుచున్న చేతులను తీయవలెనన్న పెద్ద సెన్సారు మేలు చూపును. అదే కొలత బొమ్మకు, అదే లెన్సు తెరపులో అది రెట్టింపునకు పైగా కాంతి పోగుచేయును. చేతి వణకును అణచు ఏర్పాటు దాని లోపలనే కలదు, చిన్నదానిలో లేదు. పెద్దదానికి రెండు కార్డులు పట్టును, ఒకటి చెడినను బొమ్మ పోదు. చిన్నదానికి కన్ను ఆనించి చూచు గాజు లేనందున ఎండలో తెర సరిగా కనబడదు. దినమునకు వందల చీరలు తీయు పెద్ద వ్యాపారికి, పెండ్లిండ్లు తీసి జీవించువానికి ఈ గుణములకు వెల గిట్టును. కదలని చీరను ముక్కాలిపీట మీద నిలిపి తీయు మన ఇండ్లకు అవి చాలవరకు వాడని మగ్గము వంటివి.

కొనదలచినవారు మొదట ముక్కాలిపీట, బూడిద అట్ట, తెల్లని పరదా, తరువాత మంచి లెన్సు, చివర కెమెరా అను వరుసలో సొమ్ము ఖర్చు పెట్టవలెనని నా మనవి. నికాన్ వారు 2021లో తెచ్చిన 50 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు ఈ రెండు కెమెరాలకును పట్టును. కావున నేడు చిన్నదానికి కొన్న లెన్సు, రేపు పెద్దది కొన్నను వ్యర్థము కాదు.

అదియు ఇంటికొకటి అక్కరలేదు. 1938లో మాచాని సోమప్పగారు యెమ్మిగనూరులో నేతవారి సహకార సంఘమును నెలకొల్పి, ఒంటరి నేతగానికి సాధ్యము కానిది పదిమందికి సాధ్యమగునని చూపిరి. ఒక వీధికి ఒక చిన్న కెమెరా, వెలుతురున్న వసారా ఒకటి, నేర్చుకొన్న యువతియో యువకుడో ఒకరు, ఇంతే చాలును. చీకటి మగ్గముల బొమ్మలు కావలసిన నాడు పెద్ద కెమెరాను అద్దెకు తెచ్చుకొనవచ్చును.

మా పిల్లవాడు చిన్నదానికే ఒప్పుకొనెను. దాచిన సొమ్ములో మిగిలినది పట్టు అయి మగ్గము ఎక్కినది. మరల నేసిన వంకాయరంగు చీర పోయిన నెల అమ్ముడైనది. ఇంతవరకు తిరిగి రాలేదు.