శివరాత్రి దాటినా వెంబ్లీలో చలి పోదు

"శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అని మన పెద్దల మాట. కాకినాడలో అది నిజమే. వెంబ్లీలో మాత్రం ఆ మాట నమ్మి మేము ఒకసారి బాగా దెబ్బతిన్నాం.

2018లో శివరాత్రి ఫిబ్రవరి 13న వచ్చింది. అప్పుడు మా దగ్గరే ఉన్న అమ్మ "ఇక చలి పోయిందర్రా" అంటూ బరువు కోట్లన్నీ అటక ఎక్కించింది. రెండు వారాలు తిరిగేసరికి తూర్పుగాలి మంచును మోసుకొచ్చింది. పత్రికలవాళ్ళు దానికి 'తూర్పు నుంచి వచ్చిన మృగం' అని పేరు పెట్టారు. రేడియోలో ముందునుంచీ హెచ్చరిస్తూనే ఉన్నారు, మేమే పట్టించుకోలేదు. పాలసీసా కోసం చెప్పులతో గడప దాటిన అమ్మ మెట్టు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ ఏడు ఉగాది పచ్చడి ఎడమచేత్తోనే కలిపింది.

ఇక్కడి చలికాలం మామూలుగా పడమటి గాలి మీద నడుస్తుంది. అట్లాంటిక్ మీదుగా వచ్చే ఆ గాలిలో తడి ఎక్కువ, చలి తక్కువ. స్కాండినేవియా మీద అధిక పీడనం తిష్ట వేసిందంటే ఆ దారి మూసుకుపోయి, రష్యా వైపు చలిగాలి మన మీదకి మళ్ళుతుంది. మరుసటి ఏడు సరిగ్గా అదే వారంలో, 2019 ఫిబ్రవరి 26న, మనకి అయిదారు మైళ్ళ దూరంలోని క్యూ గార్డెన్స్‌లో 21.2 డిగ్రీలు నమోదయింది! బ్రిటన్ చలికాలంలో అంత వేడి అంతకు ముందెన్నడూ లేదు.

కనుక తిథి ఒక్కటే చూస్తే చాలదు. మెట్ ఆఫీసు వారి నాలుగు రోజుల సూచన ఈనాడు ముప్పై ఏళ్ళ కిందటి ఒకరోజు సూచనంత నమ్మకమైనది. అందులో డిగ్రీలే కాదు, గాలి ఏ దిక్కుదో, రాత్రి మబ్బు ఉంటుందో లేదో కూడా చూడండి. మబ్బు నేలకి దుప్పటి వంటిది. అది లేని రాత్రి నేల వేడి పైకి పోయి, పగలు కరిగిన మంచునీరు తెల్లారేసరికి కంటికి కనబడని గాజుపొర అవుతుంది. అమ్మ జారింది దాని మీదే. సూచనలో చెప్పే వేడి నేలకి నాలుగడుగుల ఎత్తున కొలిచేది. అక్కడ రెండు మూడు డిగ్రీలున్నా కింద మెట్టు గడ్డకట్టి ఉండవచ్చు.

మార్చి ఆఖరి ఆదివారం గడియారం గంట ముందుకి జరిపేదాకా కోట్లు అటక ఎక్కించకండి. ఊరినుంచి పెద్దవాళ్ళు వచ్చి ఉంటే, పడుకోబోయే ముందు గుమ్మం మెట్ల మీద గుప్పెడు ఉప్పు చల్లండి. ఇప్పటికీ ఫిబ్రవరి వస్తే అమ్మ కాకినాడ నుంచి ఫోనులో మొదట అడిగేది మా క్షేమం కాదు, "ఉప్పు చల్లారా?" అని.