మాత్ర మరిస్తే... కిడ్నీకి ముప్పు!
కిడ్నీలు దెబ్బతిన్న పసికందులకు ఒకప్పుడు తరచూ పెద్దల డయాలసిస్ యంత్రాలనే వాడేవారు. 2013లో ఇటలీలోని విచెంజాలో డాక్టర్ క్లాడియో రాంకో బృందం, శిశువుల కోసమే తయారుచేసిన 'కార్పెడియం' యంత్రంతో దాదాపు మూడు కిలోల పాపను కాపాడింది.

కిడ్నీలు పూర్తిగా పాడైన పిల్లలకు ఇంట్లోనే, నిద్రలో ఉండగా పొట్ట ద్వారా చేసే డయాలసిస్ కూడా ఉంది. అయినా చక్కగా ఎదగాలన్నా, రోజూ బడికెళ్లాలన్నా కిడ్నీ మార్పిడే మేలు. చాలాసార్లు దాత అమ్మో, నాన్నో!

అసలు పరీక్ష టీనేజీలో. 'బాగానే ఉన్నాగా' అనుకునో, ముఖం ఉబ్బుతోందనో మాత్రలు మానేస్తుంటారు. అప్పుడు శరీరం ఆ కిడ్నీని పరాయిదిగా భావించి దాడి చేస్తుంది. మొదట్లో పైకేమీ తెలియదు. తెలిసేసరికి చేయి దాటిపోవచ్చు. అందుకే మందుల డబ్బా పిల్లల చేతికిచ్చినా, రోజూ ఓ కన్నేసి ఉంచాలి.