మేనేజ్‌మెంట్‌లో డాక్టరేట్ రెండు రకాలెందుకు?

"ఎంబీఏ చేసి పదిహేనేళ్లుగా ఉద్యోగంలో ఉన్నాను. డాక్టరేట్ చేయాలని ఉంది. కొందరు పీహెచ్‌డీ చేయమంటున్నారు, కొందరు డీబీఏ చాలంటున్నారు. ఏది చేయమంటారు?" నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఇందులో 'చాలు' అన్న మాటే నన్ను బాధపెడుతుంది. డీబీఏ, అంటే డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, తేలిక చేసిన పీహెచ్‌డీ కాదు. ఇంగ్లండ్ విద్యార్హతల వరుసలో రెండూ 8వ మెట్టు మీదే ఉంటాయి, ఆపైన ఇంకో మెట్టు లేదు. ప్రశ్న ఎక్కడ పుట్టింది, జవాబు ఎవరికి కావాలి అన్న దగ్గరే ఈ రెండు దారులూ విడిపోతాయి.

ఒక పెద్ద ఆసుపత్రి అనుకుందాం. పొద్దున తొమ్మిదింటికి రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు "ఇవాళ ఇంటికి వెళ్లొచ్చు" అంటారు. బంధువులు సంచులు సర్దేస్తారు. సాయంత్రం అయిదైనా పేషెంటు ఆ మంచం మీదే ఉంటాడు. డిశ్చార్జ్ సమ్మరీ రాయాల్సిన జూనియర్ డాక్టర్ ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నాడు. వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్తేగానీ బిల్లు తేలదు. ఫైలు బిల్లింగ్‌కి, అక్కణ్నించి ఇన్సూరెన్స్ డెస్క్‌కి, అక్కణ్నించి టీపీఏకి, అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకి, వెళ్తుంది. ఒక కాగితం తక్కువైందని టీపీఏ వెనక్కి పంపుతుంది. కింద ఎమర్జెన్సీలో ఆ మంచం కోసం ఇంకెవరో ఎదురుచూస్తుంటారు.

పీహెచ్‌డీ విద్యార్థి దీన్ని చూసి ఇలా అడుగుతాడు: ఒకరి మాట ఒకరు వినాల్సిన పనిలేని నాలుగు విభాగాలు కలిసి ఒకే పని ముగించాల్సి వస్తే, పొత్తు ఎక్కడ తెగుతుంది, ఎందుకు తెగుతుంది? అతనికి ఆసుపత్రి ఒక ఉదాహరణ మాత్రమే. సంస్థల మీద పండితులు దశాబ్దాలుగా రాసినదంతా చదువుతాడు. వాళ్ల వివరణ ఎక్కడ అతకడం లేదో వెతుకుతాడు. వీలైతే పది ఆసుపత్రుల్లో లెక్కలు సేకరిస్తాడు. అతని జవాబు రేపు విమానాశ్రయానికీ ఓడరేవుకీ కూడా పనికిరావాలి. దాన్ని ముందుగా చదివేది జర్నల్ రివ్యూయర్లు.

డీబీఏ చేసే ఆవిడ అదే ఆసుపత్రిలో ఆపరేషన్స్ హెడ్. ఆవిడ ప్రశ్న వేరు: మా దగ్గర డిశ్చార్జ్ ఎందుకింత ఆలస్యమవుతోంది, ఏం మారిస్తే తగ్గుతుంది? ఆవిడా ఆ సిద్ధాంతాలన్నీ చదవాల్సిందే. తర్వాత ఫైలు ఏ టేబుల్ మీద ఎంతసేపు ఆగిందో రాసిపెడుతుంది, నర్సులతో కూర్చుని మాట్లాడుతుంది. ఒక వార్డులో సమ్మరీని ముందురోజు సాయంత్రమే రాయించి, పక్క వార్డుతో పోల్చి చూస్తుంది. ఆలస్యం తగ్గిందని చూపిస్తే సరిపోదు. ఎందుకు తగ్గిందో, ఇంకోచోట తగ్గకపోతే దానికి కారణమేమిటో సిద్ధాంతాన్ని ఆసరా చేసుకుని వైవాలో నిలబడి చెప్పాలి. చెప్పలేకపోతే అది కన్సల్టెంట్ రిపోర్టు అవుతుందే తప్ప థీసిస్ కాదు.

ఒకే సబ్జెక్టుకి ఈ రెండో దారి ఎందుకు పుట్టింది? 1959లో అమెరికాలో ఫోర్డ్ ఫౌండేషన్, కార్నెగీ కార్పొరేషన్ చేయించిన రెండు నివేదికలు బిజినెస్ స్కూళ్లలో చదువు పలచగా ఉందని గట్టిగా చెప్పాయి. దాంతో స్కూళ్లు గణాంకశాస్త్రం, ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం వైపు మళ్లాయి. పరిశోధన పదునెక్కింది, దాంతోపాటే మేనేజర్లకు దూరమైంది. ఆ దూరం మీద 2005లో వారెన్ బెన్నిస్, జేమ్స్ ఓటూల్ అనే ప్రొఫెసర్లు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం పెద్ద చర్చే లేపింది. అప్పటికే పని చేసేవాళ్ల కోసం డాక్టరేట్లు వచ్చేశాయి. క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ 1995లో ఎగ్జిక్యూటివ్ డాక్టరేట్ మొదలుపెట్టింది. బ్రిటన్‌లోనూ డీబీఏలు 1990లలోనే ఊపందుకున్నాయి.

అయితే పేరు చూసి మోసపోకండి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1953లో డీబీఏ మొదలుపెట్టింది. చాలామందికి తెలియని సంగతేమిటంటే, దాన్నుంచి బయటికొచ్చినవాళ్లు ఎక్కువగా ప్రొఫెసర్లయ్యారు. అది పరిశోధన డిగ్రీయే. చివరికి 2018లో దాని పేరు పీహెచ్‌డీగా మార్చారు.

డీబీఏలో అసలు కష్టం గణాంకాలు కాదు, సొంత ఆఫీసు. మీరు హెడ్‌గా ఉన్న చోట మీ కింద పనిచేసే నర్సును కూర్చోబెట్టి "ఎక్కడ ఆలస్యమవుతోందమ్మా?" అని అడిగితే "అంతా బాగానే ఉంది మేడమ్" అంటుంది. ఆ మాట అబద్ధమని మీకూ తెలుసు. అలాగని రాసుకోకుండా ఉండలేరు, రాసుకుంటే పరిశోధన చెడుతుంది. అందుకే ఇంటర్వ్యూలు బయటివాళ్లతో చేయించడం, పేర్లు తీసేయడం, ఎథిక్స్ కమిటీ అనుమతి, యాజమాన్యం ఇచ్చే ఉత్తరం ఇవన్నీ ముందే కుదుర్చుకోవాలి. ఫలితం యాజమాన్యానికి నచ్చకపోతే? థీసిస్ బయట పెట్టొద్దంటే? ఈ సంగతులు చేరకముందే మాట్లాడుకోనివాళ్లు మూడో ఏడాదిలో నలిగిపోవడం కళ్లారా చూశాను. పీహెచ్‌డీ విద్యార్థికి ఈ బాధ లేదు. కానీ లోపలికి రానిచ్చే సంస్థను వెతుక్కోవడం అతని కష్టం.

డబ్బు సంగతి చూస్తే, అమెరికాలో పేరున్న బిజినెస్ స్కూళ్లు పీహెచ్‌డీ విద్యార్థికి ఫీజు లేకుండా, పైగా స్టైపెండ్ ఇచ్చి పూర్తికాలం చదివిస్తాయి. డీబీఏకి సాధారణంగా ఫీజు మీరో మీ కంపెనీయో కట్టాలి.

మన దగ్గరికొస్తే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. యూజీసీ నిబంధనలు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతల్లో నెట్, సెట్ పరీక్షలు, పీహెచ్‌డీ గురించి మాట్లాడతాయి. డీబీఏ పేరు వాటిలో లేదు. కాబట్టి రిటైరయ్యాక కాలేజీలో పాఠం చెప్పాలన్నది మీ కోరికైతే పీహెచ్‌డీ వైపే చూడండి. ఉద్యోగం మానక్కర్లేదు. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని ఒప్పుకుంటున్నాయి, అందుకు అభ్యంతరం లేదని యజమాని ఇచ్చే పత్రం (ఎన్‌ఓసీ) కావాలి. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు పడుతుంది. అదే ఏడాది అక్టోబరులో యూజీసీ, ఏఐసీటీఈ కలిసి ఒక హెచ్చరిక చేశాయి: విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని.

ఐఐఎంలు కూడా 2018 దాకా పీహెచ్‌డీ ఇవ్వలేకపోయేవి. అంతకుముందు ఫెలో అనే బిరుదు ఇచ్చేవి, ఐఐఎం చట్టం వచ్చాక డిగ్రీ ఇచ్చే అధికారం దక్కింది. హైదరాబాద్ ఐఎస్‌బీలో పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఎగ్జిక్యూటివ్ ఫెలో ప్రోగ్రామ్ ఉంది. దాని వరస డీబీఏకి దగ్గర, చివర్లో వచ్చేది ఫెలో బిరుదు.

ఇంకా తేలకపోతే ఒక పని చేయండి. మీ ప్రశ్నను తెల్లకాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి. అందులో 'మా' అన్న మాట కొట్టేసి మళ్లీ చదవండి. ప్రశ్న ఇంకా నిలబడితే, దాని మీద ఆసక్తి తగ్గకపోతే, పీహెచ్‌డీ గైడ్‌ను వెతకండి. 'మా' పోగానే మీకు పట్టకుండా పోతే డీబీఏ చేయండి. చేరబోయే చోట ఇంతకుముందు ఆమోదించిన మూడు థీసిస్‌లు చూపించమని అడిగి, ఫీజు కట్టకముందే మొదటి అధ్యాయాలు చదవండి. చూపించడానికి వెనకాడితే ఇంకోచోటికి వెళ్లండి.