రాయైపోయిన ముక్కు ఏం చెబుతుంది?

ముంబయిలో ఉన్న మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని బైకల్లా రాణీబాగ్‌కు ఒక్కసారైనా వెళ్ళే ఉంటారు. అక్కడి పెంగ్విన్లు 2016లో దక్షిణ కొరియా నుంచి వచ్చాయి. హంబోల్ట్ జాతివి. వీటి అసలు పుట్టిల్లు పెరూ, చిలీ దేశాల సముద్రతీరం. నిలబడితే రెండడుగులకు కాస్త పైన ఉంటాయి, అంతే.

అదే పెరూ తీరపు ఎడారిలో సుమారు అయిదడుగుల పెంగ్విన్ ఎముకలు దొరికాయి. అది బతికింది 3 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట. 2007లో శాస్త్రవేత్తలు దానికి ఇకాడిప్టిస్ అని పేరు పెట్టారు. తల పొడవులో సగానికి మించి ముక్కే, బల్లెం లాగా! మరి ఇది ఏం తినేది? చూసినవాడు లేడు, చెప్పేవాడూ లేడు.

నాడె మొన చూస్తే అది పడుగు సందులోంచి దూసుకుపోయే పనిముట్టని మనకు ఇట్టే తెలుస్తుంది కదా. శాస్త్రవేత్తలు చేసేదీ అలాంటి పనే. ముందు బతికున్న పక్షుల్ని చూస్తారు. పెంగ్విన్లకు పళ్ళుండవు, దొరికినదాన్ని మింగేస్తాయి. చేపలు పట్టేవాటికి ముక్కు సన్నగా, దవడ గట్టిగా ఉంటుంది. అంటార్కిటికాలో క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవుల్ని తినేవాటికి నోరు కాస్త వెడల్పు, నాలుక పెద్దది.

నాలుక, కండరాలు రాయిగా మారవు. కానీ కండరం అంటుకున్న చోట ఎముక మీద గుంట మిగులుతుంది. పుర్రె పక్కన ఆ గుంట లోతుగా ఉంటే దవడ బిగువు ఎక్కువన్నమాట. ఇకాడిప్టిస్ మెడ ఎముకలు కూడా చాలా దృఢమైనవి. మొనదేలిన ముక్కు, బలమైన మెడ, రెండూ కలిపి చూస్తే చేపను పొడిచి పట్టేదేమో అనిపిస్తుంది. న్యూజిలాండ్‌లో దొరికిన వైమానూ, 6 కోట్ల ఏళ్ళకు పైబడిన పెంగ్విన్, దాని ముక్కు కూడా పొడవే, సన్నమే.

అయితే ఒక మాట. నాడెను చూసి పని చెప్పగలం గానీ, ఫలానా రోజు ఏ రంగు నూలు నడిచిందో చెప్పలేం. ఎముక కూడా అంతే. ఏం పట్టగలదో చెబుతుంది, ఏం పట్టిందో చెప్పదు. అందుకే అదే రాతిపొరలో దొరికే చేపల ఎముకల్నీ పక్కన పెట్టుకుని చూడాలి.

ఇదంతా పాత రాళ్ళ ముచ్చటేనా? కాదు. హంబోల్ట్ పెంగ్విన్ ముక్కు నెత్తళ్ళ లాంటి చిన్న చేపల గుంపుల కోసం తయారైనది. 1982-83లో ఎల్ నినో వచ్చి నీళ్ళు వేడెక్కాయి, ఆ చేపలు దూరమయ్యాయి. పెరూలో ఈ పెంగ్విన్లు సగానికి పైగా తగ్గిపోయాయి. అలవాటైన తిండి పోయినప్పుడు ముక్కు ఒక్క ఏడాదిలో మారదు మరి. పక్షి నోరు చూసి దాని తిండి తెలుసుకోవడమంటే, అది దేనిమీద ఆధారపడి బతుకుతోందో తెలుసుకోవడమే.